పదిహేనంగుళాల పెట్టె

కోదాడలో ఒక పెళ్ళికి ప్రోగ్రాం చేశాం. అయిపోయాక పెళ్ళికొడుకు మేనమామ స్టేజీ దగ్గరికి వచ్చి, నా మెడలో ఉన్న బేస్ గిటారు వైపు వేలు చూపించి, "ఇదేంటండీ, ఊరికే తగిలించారా? అసలు మోగుద్దా ఇది?" అని అడిగాడు. అడిగింది నన్ను కాదు, మా ఓనరును. నేను ఆయనకు మూరెడు దూరంలో ఉన్నాను. మనిషిని ఎదురుగా నిలబెట్టి వాడి సంగతి పక్కవాణ్ణి అడిగే ఆ తీరుకు నాకు ఒళ్ళు మండింది. ఆర్కెస్ట్రాలో ఒళ్ళు మండినా నవ్వాలి కాబట్టి నవ్వాను.

ఆయన అడిగిన దాంట్లో తప్పు లేదు, అదే ఇంకా మంట. ఎనభైల చివర సంగతి ఇది. మా సూర్యాపేట పార్టీకి సొంత సౌండు లేదు. ఏ ఊరికి పోతే ఆ ఊరి మైక్‌సెట్ వాడే దిక్కు. వాడి దగ్గర ఉండేవి స్తంభాలకు కట్టే హారన్లు. హారన్లో సన్నాయి మోగుతుంది, మంత్రం మోగుతుంది, జాతరలో తప్పిపోయిన పిల్లవాడి పేరు మోగుతుంది. బేస్ మాత్రం మోగదు. నాలుగు లావు తీగల మీద నేను చెమటలు కక్కుతూ వాయిస్తే, బయటికి గోరుతో డబ్బా గీకినట్టు వచ్చేది. కోదాడకేమో విజయవాడ నుంచి ఆర్కెస్ట్రాలు దిగేవి. వాళ్ళు బీరువాలంత పెట్టెలు దించేవాళ్ళు. ఆ పెట్టెల ముందు కూర్చోవడం అలవాటైన జనానికి మేము ఆనతామా?

తిరిగి వస్తుంటే వ్యాన్లో ఓనరు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు. ఆయనే మా పార్టీకి గాయకుడు, ఆయనే యజమాని, ఆయన నోటి మాటే చట్టం.

"తమ్మీ, మిర్యాలగూడకు పో. ఆడ పెట్టెలు కట్టెటోడు ఉన్నడు. బేస్‌కు యాంప్లిఫైరు, పెట్టె నువ్వే సూసి తే. పైసలు నేనిస్త. కని ఒక్క మాట. అది జనం గుండెల మోగాలె. మోగలేదనుకో, పెట్టెను నా ఇంట్ల పెట్టుకుంట, నిన్ను మీ ఇంటికి తోల్త."

వ్యాన్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ నాకు బేస్ వినపడదు.

అతిశయోక్తి కాదు. చిన్నప్పటి నుంచీ నా రెండు చెవులూ చీము కారేవి. దవాఖానలో చుక్కలు వేశారు. మా అమ్మ వెల్లుల్లి కాచిన నూనె పోసింది. పాస్టరు గారు నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఎవరి వల్లా కాలేదు. మీసాలు వచ్చేనాటికి ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి దగ్గర గానీ, పెదాలు కనపడేట్టు ఎదురుగా గానీ నిలబడి మాట్లాడితే మాట అందుతుంది, ఆడగొంతు అందుతుంది, సన్నటి శబ్దాలన్నీ ఎంతో కొంత అందుతాయి. లావు శబ్దాలు మాత్రం అందవు. దేవుడికి వేళాకోళం మరీ ఎక్కువ. లోకంలో ఇన్ని వాయిద్యాలుండగా నాకు వచ్చింది ఒక్క బేస్ గిటారు.

చర్చిలో క్వయర్ వాళ్ళు ఒక పాత గిటారు ఇచ్చి నేర్పారు. నేర్చుకునేటప్పుడే కనిపెట్టాను, దాని పై కొమ్మును దవడకు ఆనిస్తే అంతా వినిపిస్తుందని. చెవిలోంచి కాదు, ఎముకలోంచి. అందుకే బెల్టు పొట్టిగా చేసి గిటారును గడ్డం కిందికి ఎత్తి కట్టుకునేవాణ్ణి. తల వంచి, కళ్ళు మూసి, దవడ ఆనించి నేను వాయిస్తుంటే జనం అది స్టైలు అనుకునేవారు. సూర్యాపేటలో కొందరు కుర్రాళ్ళు నన్ను చూసి అట్లా మెడలు వంచడం కూడా నేర్చుకున్నారు, వెర్రి వెధవలు.

దవడ వల్ల నా స్వరం నాకు తెలిసేది. కానీ అది బయటికి ఎంత పోతోందో తెలిసేది కాదు. తీగ మీద వేలు పడితే చాలు, కరెంటు ఉన్నా లేకున్నా ఎముకకు ఒకటే. బయటి సంగతి తెలుసుకోవడానికి నాకున్నవి అరికాళ్ళే. స్టేజీ చెక్కల మీద చెప్పుల్లేకుండా నిలబడితే ఏదో కొంచెం అదురు తెలిసేది, అదీ డ్రమ్స్ అదురే. ఈ రహస్యం తెలిసింది ఇద్దరికి. నా భార్యకు, ఆమె తమ్ముడికి. ఆ తమ్ముడే మా పార్టీలో డ్రమ్స్ వాయించేవాడు. వాణ్ణి పార్టీలో పెట్టించింది నేనే.

పగలు సైకిల్ షాపులో పంచర్లు వేసేవాణ్ణి. అక్కడ చెవులతో పని లేదు, ట్యూబును నీళ్ళలో ముంచితే బుడగలే చెబుతాయి. కానీ ఆ షాపులో నేనెవరు? "ఏయ్, గాలి కొట్టు" అంటే కొట్టేవాణ్ణి. స్టేజీ ఎక్కితేనే నేను మనిషిని. చెవులు పోయాయని ఓనరుకు తెలిస్తే ఆ స్టేజీ పోతుంది. పెట్టె మోగకపోయినా పోతుంది. అంత భయం పెట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. బామ్మర్దిని వెంట తీసుకుపోయాను.

షాపు ఒక రైస్ మిల్లు గోడకు ఆనుకుని ఉండేది. షాపతను రేడియోలు బాగుచేస్తూ చేస్తూ యాంప్లిఫైర్లు కట్టడం నేర్చినవాడు. పెట్టెలు కూడా తనే కోసి, బిగించి, నల్ల రెక్సిన్ అతికించేవాడు. అంతా బాగానే ఉంది గానీ, పక్కన మిల్లు నడుస్తోంది. దాని అదురుకు షాపు నేలంతా సన్నగా వణుకుతోంది. అతను ఏదో పెట్టె ఆన్ చేసి నా చేతికి వైరిచ్చాడు. వాయించాను. నా కాళ్ళకు తగులుతున్నది పెట్టెనో మిల్లో తెలియలేదు.

"మిల్లు ఎప్పుడు బందైతది?" అని అడిగాను.

"దాంతోని నీకేం పని అన్నా? నా పెట్టె సౌండు దానికంటె రెండంతలుంటది."

"అన్నం తినే యాళ్ళకు బంద్ చేస్తరు గద?"

"చేస్తరు."

"గందాక ఆగుత."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. బామ్మర్ది గోడ వైపు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. ఆగాం. మిల్లు ఆగింది. నేల నిద్రపోయినట్టయింది. నేను చెప్పులు విప్పాను.

"గుడికొచ్చినట్టు చెప్పులిడుస్తున్నవేందన్నా?"

"మన్నున్నది."

"నా షాపుల మన్ను లేందెక్కడ?" అని అతను నవ్వాడు గానీ ఇంకేమీ అడగలేదు.

మూడు సెట్లు చూపించాడు. మొదటిది హైదరాబాదులో ఎవరో వాడి అమ్మేసింది. యాంప్లిఫైరు, స్పీకరు ఒకే పెట్టెలో. చూడ్డానికి ముద్దుగా, చంకన పెట్టుకుని పోయేంత ఉంది. వాయిస్తే నా కాళ్ళ కింద చీమ కూడా కదలలేదు. రెండోది రెండు పన్నెండంగుళాల స్పీకర్లున్న పెట్టె, నాలుగు వైపులా గాలి చొరకుండా బిగించింది. మూడోది ఒక్కటే స్పీకరు, పదిహేనంగుళాలది. పెట్టె లోపల డొల్ల ఎక్కువ, కింద అడ్డంగా గాలి పోవడానికి సందు. ఇద్దరు ఒగురుస్తూ పట్టుకుంటే గానీ లేవని బరువు. రెండింటికీ పైన విడిగా పెట్టుకునే యాంప్లిఫైరు ఒకటే.

బేస్ పెట్టెను పక్కన నిలబడి వినకూడదు. దగ్గర గొప్పగా ఉండి దూరం పోతే ముద్దయ్యేవి ఉంటాయి. అందుకని బామ్మర్దిని రోడ్డు దాటించి టీ హోటలు దగ్గర నిలబెట్టాను. రెండింటి మీదా ఒకే పాట వాయించాను. వాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"బావా, నడిమిది తీస్కో. ఒక్కొక్క దెబ్బ ఇడివిడిగ ఇనబడ్తుంది. ఇగ గీ పెద్దదేమో బుడబుడ. అంత అంబలైతున్నది."

వాడు చెప్పింది నిజమే అయి ఉంటుంది. వాడి చెవులు మంచివి. కానీ నడిమి పెట్టె నా అరికాళ్ళకు గిలిగింత పెట్టి ఊరుకుంది. పెద్దది అట్లా కాదు. మొదటి దెబ్బకే మడమల్లోంచి మోకాళ్ళకు, మోకాళ్ళలోంచి నడుముకు ఎక్కింది. మెల్లగా వాయిస్తే మెల్లగా, గట్టిగా వాయిస్తే గట్టిగా. నేను ఎంత మోగుతున్నానో నాకు తెలియడం అదే మొదలు. ఏడుపొచ్చింది. షాపులో ఏడిస్తే ఏం బాగుంటుందని ముక్కు చీదుకుని, "ఇదే," అన్నాను.

"నీ కాళ్ళ కోసం తీస్కుంటున్నవా, జనం కోసమా?" అని బామ్మర్ది నా కుడి చెవిలో అడిగాడు.

"నోర్ముయ్యి."

నేను ముయ్యమంటే వాడు మూసేవాడు, అప్పట్లో.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. నాకు ఆశ పుట్టింది. పెట్టె అడుగున మందపాటి పలక బిగించమన్నాను. ముందుకు రెండడుగులు రావాలి, నేను దాని మీద నిలబడాలి అన్నాను. షాపతను తల గోక్కున్నాడు.

"గట్ల చేస్తే పెట్టె ఊపంత నీ కాళ్ళల్లకు పోతది. జనానికేం మిగుల్తది? ఇంకోటి, దాని మీద ఎవలు కాలు తొక్కినా నీకు తగుల్తది. పనికిరాదు."

"పనికొస్తది. బిగించు."

"నీ ఇష్టం. పైసలు మీవి, పలక నాది," అని బిగించాడు.

ఆ పెట్టె మోగింది. మామూలుగా మోగడం కాదు. పెన్‌పహాడ్‌లో మొదటి ప్రోగ్రాం చేస్తే ఊరి కుర్రాళ్ళు స్టేజీ కిందికి వచ్చి పెట్టె మీద చేతులు పెట్టి, "గుండెల గుద్దుతుందిరో" అని కేకలు వేశారు. దెబ్బలు విడివిడిగా వినిపించాయా, అంబలైపోయాయా అని జనం లెక్కపెట్టరు. వాళ్ళకు కడుపులో అదరాలి, అంతే. ఓనరు అందరి ముందూ నా భుజం తట్టాడు. మా పార్టీ వాల్‌పోస్టర్ల మీద గుండెలదిరే బేస్ అని ఎర్రక్షరాలతో వేయించాడు. నేను పలకెక్కి, దవడ ఆనించి, కళ్ళు మూసుకుంటే చాలు, లోకంలో ఎవరికీ లేనంత వినికిడి నాకుండేది. ఆ పలక మీద ఉన్నంతసేపు నేను చెవిటివాణ్ణి కాదు. అంత సుఖం అంతకుముందు ఎరగను, ఆ తర్వాతా ఎరగను.

అది ఆత్మకూరులో గంగలో కలిసింది. ఆ రోజు ఓనరుకు గొంతు పట్టేసింది. ఒక పాటను అర శ్రుతి తగ్గించి పాడదామనుకున్నాడు. మామూలుగా అయితే వీపు వెనక వేలు కిందికి చూపిస్తాడు, నేను చూసి తగ్గిస్తాను. ఆ రోజు ఒక చేతిలో మైకు, ఇంకో చేతిలో ఎవరో కప్పిన శాలువా. నోటితో చెప్పాడట, జనం వైపు తిరిగి. కీబోర్డు అతను తగ్గించాడు. నేను తగ్గించలేదు. పల్లవి నుంచి చివరి చరణం దాకా ఆయనొక శ్రుతి, నేనొక శ్రుతి. నా దవడకు నా స్వరాలు చక్కగా, తేటగా వినిపిస్తున్నాయి. ఈయన మెడ నరాలు ఎందుకు ఉబ్బుతున్నాయో నాకు అర్థం కాలేదు.

దిగాక నానా తిట్లూ తిట్టాడు. మరిచిపోయానన్నాను. "ఇంతంత పెద్దగ ఒర్రితి గదరా, చెవుల సీసం పోస్కున్నవా?" అని, బామ్మర్ది భుజం పట్టుకుని వాణ్ణి కొంచెం దూరం తీసుకుపోయాడు. వాడు నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. వాడి పెదాలు నాకు కనపడవు. ఓనరు ముఖం మాత్రం కనపడుతోంది. ముందు నోరు తెరిచాడు. తర్వాత నా కాళ్ళ వైపు చూశాడు. తర్వాత నవ్వాడు. నా పని ఖతం అనుకున్నాను.

కానీ ఆయన ఏమీ అనలేదు. వ్యాన్లో పక్కన కూర్చోబెట్టుకుని చాయ్ కూడా తాగించాడు. బామ్మర్ది ఏదో అబద్ధం చెప్పి నన్ను కాపాడాడనుకున్నాను. ఇంటికొచ్చి నా భార్యతో, "నీ తమ్ముడు బంగారం" అన్నాను. నా అంత పిచ్చివాడు ఇంకొకడు పుట్టడు.

తర్వాతి ప్రోగ్రాం మళ్ళీ కోదాడలో. నా భార్య చిన్నమ్మ కూతురి పెళ్ళి. ఆమె కూడా వచ్చి ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చుంది. నేను స్టేజీ మీదికి పోయేసరికి బామ్మర్ది కాలితో తొక్కే పెద్ద డ్రమ్మును జరిపి నా పలక అంచు మీదికి ఎక్కించాడు.

"స్టేజీ ఎగుడుదిగుడున్నది బావా. జర సర్దుకో."

సర్దుకున్నాను. యాంప్లిఫైరు నా వెనక, వాడి చేతికి అందేంత దూరంలో ఉంది. ఎర్ర లైటు వెలుగుతోంది. నాలుగైదు పాటలయ్యాక ఓనరు మైకు పట్టుకుని జనంతో ఏదో చాలాసేపు మాట్లాడాడు. జనం నా వైపు చూశారు. నన్ను పరిచయం చేస్తున్నాడనుకున్నాను. చేతితో సైగ చేశాడు, నువ్వొక్కడివే వాయించు అని. ఆహా! బేస్ వాయించేవాడికి ఒంటరిగా వాయించే అవకాశం ఎవడిస్తాడు? దవడ ఆనించి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. కాళ్ళ కింద పలక దడదడలాడుతోంది. నా దగ్గరున్నదంతా వాయించాను. ఆగి కళ్ళు తెరిస్తే పందిరి పందిరంతా నవ్వుతోంది, చప్పట్లు కొడుతోంది. ముందు వరసలో ఒక ముసలాయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. నా వాయింపుకు ఆయన మనసు కరిగిందనుకున్నాను. రెండు చేతులూ జోడించి, నడుము వంచి దండం పెట్టాను. నవ్వు రెట్టింపయింది. నేను ఇంకా వంగాను.

మర్నాడు పొద్దున బస్సులో నా భార్య చాలాదూరం కిటికీలోంచి బయటికే చూసింది. మునగాల దాటాక నా వైపు తిరిగింది.

"వైరు తీసిండ్రు," అంది.

బస్సు మోతలో నాకు అందలేదు. "ఏంది?" అన్నాను.

"నీ వైరు తీసిండ్రు!"

"ఏం తీసిండ్రు?"

నాకు వినపడాలంటే అరవాలి కదా, పాపం అరిచింది. "నువ్వు వాయించినప్పుడు వైరు పీకేసిండ్రు! నా తమ్ముడే పీకి అందరికి సూపిచ్చిండు! సప్పుడే రాలే! చెవిటోడు ఎట్ల వాయిస్తడో సూడుండ్రని మీ ఓనరు మైకుల చెప్పిండు! డ్రమ్ము తొక్కుతుంటే నువ్వు నీదే అనుకున్నవ్! అందరు నవ్విండ్రు!"

కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి మమ్మల్ని చూశాడు. ముందు సీట్ల వాళ్ళంతా వెనక్కి తిరిగారు. అంతదాకా కోదాడ పందిట్లో వాళ్ళకే తెలిసిన సంగతి ఇప్పుడు బస్సుకంతా తెలిసింది. నా తల తీసేసినట్టయింది. ఆమె ఏడుస్తూ కొంగు నోట్లో కుక్కుకుంది.

బస్సు దిగి నేరుగా ఓనరు ఇంటికి పోయాను. బామ్మర్ది అక్కడే కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. వాడి చొక్కా పట్టుకుని లేపి రెండు చెంపలూ వాయించాను. వాడు తిరిగి కొట్టలేదు. "నవ్వులాటకు బావా, నవ్వులాటకు" అని మాత్రం అంటున్నాడు, చట్నీ మూతితో. ఓనరు మధ్యకు వచ్చి నా ఎదురుగా నిలబడి, పెదాలు కనపడేట్టు మెల్లగా మాట్లాడాడు. ఆ మర్యాద మాత్రం ఆ రోజు నుంచి తప్పలేదు.

"ఇను తమ్మీ. నిన్ను ఆత్మకూర్లనే తీసేద్దుము. చెవిటోన్ని పెట్టుకొని పాటల పార్టీ నడిపినోడు ఏడన్న ఉన్నడా? వీడే బతిమాలిండు, ఉండనియ్యి అన్న, గిట్ల పనికొస్తడని. పొద్దుగాల్నే కోదాడ నుంచి మనిషి వచ్చిండు. వచ్చే పెండ్లికి మనల్నే పిలుస్తున్నరు. పాటల కోసం గాదు, నీ ఐటం కోసం. చేస్తవా, ఇంటికి పోతవా?"

ఆయన ముఖం మీద ఉమ్మి బయటికి పోవాల్సింది. పోదామనే అనుకున్నాను. గడప దాకా పోయాను కూడా. బయట సైకిల్ షాపు, పంచర్లు, "ఏయ్, గాలి కొట్టు". వెనక్కి తిరిగి బేరం పెట్టాను. ఆ ఒక్క ఐటంలో వైరు తీసుకోండి, మిగతా పాటలన్నిటికీ వైరు ఉండాలి, నేను మోగాలి అన్నాను.

"నా నోటి మాట," అన్నాడు ఓనరు. "పోయినోల్లందరి మీద ఒట్టు."

ఇంటికి పోయి చెబితే నా భార్య పొయ్యి ముందు నుంచి లేవలేదు. "ఉప్పు కారం తింటున్నవా నువ్వు?" అని మాత్రం అడిగింది. వారం దాకా మళ్ళీ మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోతే నాకు ఇంట్లో ఇంకే చప్పుడూ ఉండదు.

అట్లా తొంభైలు వచ్చాయి. ఐటం బాగా పేరు తెచ్చుకుంది. కష్టం ఎక్కడంటే, వైరు తీసిన సంగతి నాకు తెలిసినట్టు ఉండకూడదు. ఒకసారి పెద్దవూర నుంచి వస్తుంటే ఓనరు నన్ను పిలిచి, "మొదటిసారి నవ్వినట్టు నవ్వుత లేవు తమ్మీ. తెలిసినోడు నవ్వినట్టుంది. తెల్వనోని లెక్క నవ్వాలె. ఇంకింత వంగాలె," అని నేర్పాడు. నేర్చుకున్నాను. చెవిటివాడికి చెవిటితనం నటించడం నేర్పిన గురువు ఆయన. ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకునేలా నవ్వించాను. అది కాగానే బామ్మర్ది వైరు మళ్ళీ పెట్టేవాడు, నా వీపు మీద ఒకసారి తట్టేవాడు. ఆ తట్టు కోసమే నేను ఆ పాడు ఐటం చేసేవాణ్ణి. తర్వాతి పాట నుంచి నేను మోగుతాను. పలక అదురుతుంది, దవడ పలుకుతుంది, జనం కడుపులో నేనుంటాను.

పేరొచ్చాక ఓనరు నా చేత బరువులు మోయించడం మానేశాడు. "నువ్వు ఆర్టిస్టువు. లేబరోల్లు మోస్తరు" అన్నాడు. ఆ గౌరవానికి నేను పొంగిపోయానని కూడా రాసుకోవాలి.

మిర్యాలగూడలో ఒక ప్రోగ్రాం. మధ్యాహ్నమే చేరాం. లేబర్ వాళ్ళు ఇంకా రాలేదు. వ్యాను వాళ్ళు సామానంతా దించి ఆరుబయట పెట్టి పోయారు. ఉన్నట్టుండి చినుకులు మొదలయ్యాయి. నా పెట్టె తడుస్తోంది. స్పీకర్ అట్ట తడిస్తే ఇక అంతే. బామ్మర్దిని కేక వేసినా వాడు దూరంగా ఉన్నాడు. నేనే పరుగెత్తి, కాళ్ళు ఎడం పెట్టి, ఊపిరి బిగించి, ఉన్న బలమంతా పెట్టి పెట్టెను ఎత్తాను. అది ఖాళీ బుట్టలా పైకి లేచింది. ఆ ఊపుకు నేను వెనక్కి విరుచుకుపడ్డాను. పెట్టె నా రొమ్ము మీద పడింది. నొప్పి పుట్టలేదు.

పందిరి కిందికి మోసుకుపోయి వెనక చెక్క మరలు విప్పాను. లోపల స్పీకరు లేదు. ముందు గుడ్డ వెనక గుండ్రటి రంధ్రం ఉంది. డ్రమ్ముల మీద కప్పే దుప్పట్లు, చుట్టలు చుట్టిన వైర్లు, ఎవరిదో లుంగీ కుక్కి ఉన్నాయి. దాని మీద పెట్టే యాంప్లిఫైరును కూడా తెచ్చి మూత విప్పాను. దాంట్లో ఎర్ర బల్బుకు ఒక వైరు తప్ప ఏమీ లేదు.

బామ్మర్ది వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. వాడి జుట్టు కూడా అప్పటికి పలచబడింది.

"ఎప్పటిసంది?" అని అడిగాను.

"ఎప్పుడో కాలిపోయింది బావా. కొత్త కీబోర్డు వచ్చినంక ఎడమ చేత్తోనే బేస్ వస్తుంది గద, మల్ల స్పీకరు ఎందుకన్నడు ఓనరన్న."

"ఎప్పటిసందిరా?"

"యాదికి లేదు. శానా దినాలాయె." వాడు కింద చూశాడు. నాకు పెదాలు కనపడాలని మళ్ళీ తలెత్తాడు. "నీకు చెప్దామనే అనుకున్న. అక్కనే చెప్పొద్దన్నది."

ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని ఊళ్ళు! ఐటం అయ్యాక వీపు మీద తట్టినప్పుడల్లా నేను మోగడం మొదలైందనుకుని ఎంత ప్రాణం పెట్టి వాయించాను! కాళ్ళ కింద అదిరింది వీడి డ్రమ్ము. దవడకు పలికింది ఉత్త కొయ్య. ఆ సాయంత్రం ఎట్లా వాయించానో నాకు గుర్తు లేదు. వాయించాను మాత్రం.

మర్నాడు ఇంటికి పోయేసరికి నా భార్య వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఎదురుగా కూర్చున్నాను.

"పెట్టె ఖాళీ అని నీకు ఎరుకేనా?"

చేట ఆపింది. తల ఊపింది.

"ఎందుకు చెప్పలే?"

ఆమె లేచి నా కుడి వైపు వచ్చి కూర్చుంది. చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది, వీధిలో ఎవరికీ వినపడకుండా.

"ఒకపారి చెప్పిన గద, బస్సుల. అంతమందిల ఒర్రి ఒర్రి చెప్పిన. చెప్తే ఏం జేసినవ్? మల్ల పొయ్యి నిలబడ్డవ్."

ఆమె చేట ఒళ్ళోకి తీసుకుని మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. ఆదివారం కోదాడలో ప్రోగ్రాం ఉంది. ఆ రోజూ లేబర్ వాళ్ళు రావడం ఆలస్యమైంది. పెట్టెను నేనొక్కణ్ణే ఎత్తుకుని స్టేజీ ఎక్కాను.